ఆడీ అమ్మమ్మ చిక్కుడు గింజలు

"చిక్కుడుకాయలు ఒలవడానికి మెదడెందుకు హోయట్? బొటనవేలికి గోరుంటే చాలు. అందుకే ఆ పని మా ఆవిడకి వదిలేశా."

రేడియోలో థర్మన్ గ్రిగ్స్ ఈ మాట అనడమూ, ఇంటి వరండాలో కూర్చున్న ఆయన భార్య వెర్లీన్ బొటనవేలి గోరు కింద చిక్కుడు తొక్క సూదిలా దిగడమూ ఒక్కసారే జరిగాయి. వేలు నోట్లో పెట్టుకుంది. ముప్ఫయ్యారేళ్ళ కాపురంలో ఆ నోటికి మాట్లాడడం తప్ప మిగిలిన పనులన్నీ దొరికాయి. నూలు దారం తెంపడం, కూర ఉప్పు చూడడం, మొగుడి చొక్కా గుండీలు కుడుతూ గుండుసూదులు పట్టుకోవడం, ఇప్పుడిలా నెత్తురు పీల్చడం.

శనివారం ఎనిమిదింటికి జార్జియా దక్షిణాన ఆ జిల్లా జిల్లా అంతా రేడియో ముందు కూర్చుంటుంది. 'తోట కబుర్లు' వస్తుంది. హోయట్ అనే ఆయన నడుపుతాడు. థర్మన్ పదేళ్ళుగా అందులో ఆస్థాన తోటమాలి. ఎవరో ఒకరు ఫోను చేస్తారు, ఈయన జవాబిస్తాడు, ఇద్దరూ నవ్వుతారు. మధ్యలో ట్రాక్టరు టైర్ల ప్రకటన.

"నేన్రా, లామార్‌ని. టమాటాలు అడుగున నల్లగా మాడిపోతున్నాయ్ రా థర్మన్, మా ఆవిడ కాల్చిన బిస్కెట్లలాగా."

"నీళ్ళు ఒకరోజు కుమ్మరించి నాలుగురోజులు మానేస్తున్నావా?"

"నువ్వేమన్నా మా పెరటి గోడెక్కి చూస్తున్నావేంట్రా?"

"రోజూ సమంగా పొయ్యి. గుడ్డు పెంకులు నూరి పాదులో వెయ్యి."

"అబ్బ! నీకివన్నీ ఎవర్రా చెప్పేది?"

"ఎవరో చెప్పడమేంట్రా? మట్టి మాట్లాడుతుంది. వినే చెవులుండాలి, అంతే."

వరండాలో వెర్లీన్ పక్కన కూర్చుని కాయలు ఒలుస్తున్న జ్యూవెల్ పకాలున నవ్వింది. ఆవిడ థర్మన్ స్వయానా చెల్లెలు. మొగుడు పోయాక రెండు మైళ్ళవతల వాగు పక్కన ఒక్కతే ఉంటుంది.

"మట్టి మాట్లాడిందట వదినా! పొద్దున ఏడింటికి గుడ్లు వేయిస్తూ మాట్లాడిందనీ, మట్టి చేతిలో గరిటె కూడా ఉందనీ చెప్పడేం మా అన్న?"

నిజం అదే. ప్రతి శనివారమూ ఫలహారం దగ్గర, మూతి తుడుచుకుంటూ, థర్మన్ ఏదో వాతావరణం అడిగినట్టు అడుగుతాడు. "టమాటా అడుగు మాడితే ఏం చెయ్యాలంటావ్?" "గుమ్మడి తీగ ఉన్నట్టుండి వాడిపోతే?" వెర్లీన్ పెనం మీంచి చూపు తిప్పకుండా చెప్తుంది. గంట తర్వాత అదే సమాధానం, బొంగురు గొంతు వేసుకుని, టోపీ పెట్టుకుని, రేడియోలోంచి ఆమె వంటింట్లోకే తిరిగొస్తుంది. ఆ తోటలో పాదులు తవ్వేది ఆమె, పాదాలు చాపుకుని కూర్చునేది ఆయన. కలుపు తీసేది ఆమె, కలుపుగోలుతనం ఆయనది. నాట్లు ఆమెవి, నాటకం ఆయనది. విత్తనం ఆమెది, పెత్తనం ఆయనది. ఇక ఆయన గొప్ప సంగతంటారా, అదంతా ఎరువే. ఆ మాటకి తెలుగులో ఎన్నర్థాలుంటే అన్నర్థాలూ వేసుకోండి, ఆయనకి ఏదీ వదులు కాదు.

రేడియోలో ఇప్పుడొక ముసలావిడ. "నేను ఓపల్‌ని బాబూ. పోయినేడు చర్చి భోజనాల్లో మీ ఇంటి మచ్చల చిక్కుడు తిన్నాను. ఇప్పటికీ కల్లోకొస్తోంది. నాలుగు గింజలిస్తావా?"

"నాలుగేంటి పెద్దమ్మా, దోసెడిస్తా! అందరూ వినండి. అక్టోబర్లో చర్చి హాల్లో విత్తనాల పంపకం ఉందిగా? యూనివర్సిటీ నుంచి ప్రొఫెసరొకడు వస్తున్నాడు. పాతకాలం విత్తనాలు పేరూ ఊరూ రాసుకుని గాజుసీసాలో వందేళ్ళు దాస్తారట. మా చిక్కుడు దాస్తారు. పేరు కూడా పెట్టేశా. 'గ్రిగ్స్ గర్వం'!"

"భలే పేరు! మరి మీ ఆవిడ ఏమంటారు?"

"ఆవిడకేం హోయట్, ఒలుస్తుంది."

ఇద్దరూ నవ్వారు. ట్రాక్టరు టైర్లు వచ్చాయి.

జ్యూవెల్ చేతిలో కాయ ఆగిపోయింది. వెర్లీన్ చేయి ఆగలేదు. ఒలుస్తూనే ఉంది. గింజలు మాత్రం గిన్నెలో కాకుండా నేలమీద పడుతున్నాయి.

ఆ చిక్కుడు ఆడీది. వెర్లీన్ అమ్మమ్మ. కౌలు పొలంలో పుట్టి కౌలు పొలంలోనే పోయిన మనిషి. తన పేరు మీద గజం నేల లేదు, బ్యాంకులో సంతకం లేదు, సమాధి మీద కూడా 'ఫలానావారి భార్య' అనే చెక్కారు. ఆవిడకంటూ ఉన్నది ఈ చిక్కుడొక్కటే. ఎర్రటి గింజ మీద గోధుమరంగు చుక్కలు, ఉడికితే నోట్లో వెన్నలా జారుతుంది. యాభై ఏళ్ళు ప్రతి వసంతంలో నాటి, ప్రతి శరదృతువులో మొదటి కాయలు ఎండబెట్టి, బేకింగ్ పౌడర్ డబ్బాలో దాచింది. వెర్లీన్ పెళ్ళినాడు ఆ డబ్బా ఒళ్ళో పెట్టింది. వెర్లీన్ నోరు తెరవబోతే ఆడీ చటుక్కున చేత్తో మూసింది.

"ఆ మాట అన్నావంటే చూడు! మొలవకుండా పోతాయి."

ఆ ప్రాంతంలో అది కట్టుబాటు. ఎవరన్నా మొక్క ఇచ్చినా, అంటు ఇచ్చినా, గుప్పెడు గింజలిచ్చినా థాంక్స్ చెప్పకూడదు. చెప్తే ఆ మొక్క చస్తుంది. మొక్క ఇచ్చినవాళ్ళకి మొక్కకూడదన్నమాట. తీసుకుని, ఆకు తడిమి, "పెరుగుతుందిలే" అనుకుంటూ వెళ్ళిపోవాలి. బ్యాంకు మేనేజరు దగ్గర్నుంచి పాస్టరు దాకా అందరూ పాటిస్తారు.

మొగుడి ఇంట్లో అడుగుపెట్టిన రోజున అత్తగారు ఎస్టెల్ ఆ డబ్బా ఊపి చూసింది. "అందరి కోడళ్ళూ వెండి చెంచాలు తెచ్చుకుంటారు. మా కోడలు చిక్కుడు గింజలు తెచ్చుకుంది. పాపం, పిచ్చిది." ఆ ఊళ్ళో ఆడవాళ్ళు 'పాపం, పిచ్చిది' అన్నారంటే జాలిపడ్డారని కాదు, గొయ్యి తీసి పాతిపెట్టి పైన పువ్వొకటి గుచ్చారని. తర్వాత ముప్ఫయ్యేళ్ళు అదే అత్తగారు అదే చిక్కుడు రెండోసారి, మూడోసారి వడ్డించుకు తిని పోయింది. బాగుందని మాత్రం అనలేదు. కొడుకుకి ఆ గుణం పాలతోపాటే వచ్చింది.

ఒక జూలైలో వెర్లీన్ రెండు రోజుల్లో నలభైరెండు సీసాల టమాటాలు మరిగించి మూతలు బిగించింది. వంటింట్లో వేడికి గోడ కాగితం ఊడి వచ్చింది. థర్మన్ ఒక సీసా తెరిచి, చెంచాడు రుచి చూసి, "ఉప్పు తగ్గింది" అన్నాడు. ఆ రోజు ఆమెకి తిక్కరేగి, "ఒక్క థాంక్స్ చెప్తే నీ సొమ్మేం పోయింది?" అంది. ఆయన నవ్వీ నవ్వీ కుర్చీ పట్టుకున్నాడు. "మొక్కలకీ, పెళ్ళాలకీ థాంక్స్ చెప్పకూడదే. చెప్తే ఎదగవు!" ఆ జోకు ఎరువుల కొట్టు బెంచీ మీద నెల రోజులు తిరిగింది. లామార్ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు. వెర్లీన్ బడి వంటశాలలో ఇరవై రెండేళ్ళు నాలుగువందల మంది పిల్లలకి వండి రిటైరైననాడు అక్కడివాళ్ళు ఒక గోడగడియారం చేతిలో పెట్టి పంపారు. దాన్ని చూసి థర్మన్ అన్నది ఒక్కటే మాట. "ఇకనుంచైనా టైముకి వండుతావన్నమాట."

ఇవన్నీ ఆమె దిగమింగింది. దిగమింగడం కూడా ఒక వంటే, ఎంత చేసినా పెట్టినవాళ్ళకి కనబడదు. కాని గాజుసీసా మీద వందేళ్ళపాటు 'గ్రిగ్స్' అని ఉంటుందన్న సంగతి మాత్రం గొంతు దిగలేదు.

మధ్యాహ్నం థర్మన్ వచ్చి, టోపీ మేకుకి తగిలించి, భోజనానికి కూర్చున్నాడు. మొక్కజొన్న రొట్టె, బెండకాయ వేపుడు, అదే చిక్కుడు.

"ఆ ప్రొఫెసర్‌కి పేరు ఆడీ అని చెప్పు థర్మన్," అంది వెర్లీన్.

"ఎవరు?"

"మా అమ్మమ్మ. గింజలు ఆవిడవి."

"ఆడీ ఎవరో ఎవడికి తెలుసే? గ్రిగ్స్ అంటే పదేళ్ళ నుంచీ రేడియోలో వస్తున్న పేరు. విత్తనానికి విలువ పేరుని బట్టి ఉంటుంది."

"అయితే ఈ పేరుకి విలువ ఏ విత్తనాన్ని బట్టి వచ్చింది?"

"అబ్బో, మాటలొచ్చాయే! పెళ్ళయ్యాక నువ్వూ గ్రిగ్స్‌వే కదా? అంటే నీ పేరే పెట్టినట్టు. ఆ వెన్న ఇటందుకో."

వెర్లీన్ వెన్న అందించింది. అందించిందే గాని, ఆ పూట నుంచి ఆ చేతికీ ఆ మనసుకీ మాటల్లేవు.

థర్మన్‌కి తెలియని సంగతి ఒకటుంది. తెలియనివి చాలా ఉన్నాయి, కాని దీని మీద కథ నడుస్తోంది కాబట్టి ఇదొక్కటి చెప్తాను. మార్చిలో విత్తనాల కంపెనీ వాడెవడో, రేడియోలో నాలుగు మాటలు చెప్పమని, పొట్టి తెల్ల చిక్కుడు ఒక బస్తా ఉచితంగా ఇచ్చాడు. థర్మన్ దాన్ని తెచ్చి, సరిగ్గా ఆడీ చిక్కుడు పందిరి పక్కనే, మూరెడు ఎడంలో, పొడుగ్గా ఒక వరస వేయించాడు. వేయించాడు అంటే వేసింది వెర్లీనే. వేసేముందు చెప్పింది.

"పక్కపక్కన వద్దు థర్మన్. తేనెటీగలు ఇక్కడిది అక్కడికి మోస్తాయి. విత్తనం కలిసిపోతుంది."

"చిక్కుడుకీ చిక్కుడుకీ పెళ్ళి చేస్తాయా ఈగలు? ఏ పాస్టరు దగ్గర?"

ఏప్రిల్లో మళ్ళీ చెప్పింది. "నీకు చాదస్తం," అన్నాడు. జూన్ అంతా పందిరి మీద తేనెటీగలు జుమ్ముమంటూ ఆ పూలకీ ఈ పూలకీ తీరిగ్గా తిరిగాయి. ఇందులో తమాషా ఏమిటంటే, కలిసిపోయిన గింజ చూడ్డానికి అచ్చం పాత గింజలాగే ఉంటుంది. అదే ఎరుపు, అవే చుక్కలు. తల్లి తొడిగిన చొక్కా అది. లోపలున్నది ఎవరో వచ్చే ఏడు నాటితే గాని బయటపడదు. అప్పుడు ఒకటి తీగ, ఒకటి పొద, ఒకటి పీచు, ఒకటి పిప్పి. ఆడీ రుచి మళ్ళీ ఎవరి నాలుకకీ దొరకదు.

ఇది ఆడీ నేర్పిన చదువు. అందుకే ఆ మార్చిలోనే వెర్లీన్ ఎవరితో వాదించకుండా రెండు గుప్పెళ్ళు డబ్బాలోంచి తీసి, జ్యూవెల్ ఇంటి వెనక పాడుబడ్డ కోళ్ళగూడు పక్కన, వాగు ఒడ్డున నాటింది. చుట్టూ రెండు మైళ్ళలో మరో చిక్కుడు లేదు. "పుట్టింటి నుంచి తెచ్చుకున్నదాన్ని ఆడబిడ్డ ఇంట్లో దాచుకున్న కోడలు ఈ భూమ్మీద నువ్వొక్కదానివే వదినా," అని జ్యూవెల్ రోజూ నీళ్ళు పోసింది.

భోజనం బల్ల దగ్గర ఆ మాటయ్యాక వెర్లీన్ ఇంకొకటి కూడా చేసింది. చేసింది అనకూడదు, మానేసింది. మరుసటి శనివారం థర్మన్ మూతి తుడుచుకుంటూ, "బెండ ఆకులకి పేను పడితే ఏం చెయ్యాలంటావ్?" అన్నాడు.

"ఏమో," అంది.

"ఏమో ఏంటే?"

"మట్టినడుగు."

ఆ వారం నుంచి థర్మన్ సొంత తెలివి మీద బండి లాగాడు. బెండకి పేను పడితే పాట పాడమన్నాడు. జింకలు పడితే మీ అత్తగారి ఫొటో దిష్టిబొమ్మకి కట్టమన్నాడు. గుమ్మడి వాడిపోతే ప్రార్థన చెయ్యమన్నాడు. వెర్లీన్ రేడియో ముందు కూర్చుని, ఇప్పుడు తెలుస్తుంది, ఇప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు అని చూసింది. ఎవరూ అడగలేదు. హోయట్ పగలబడి నవ్వాడు. "థర్మన్, నువ్వు రాన్రానూ ఇంకా పదునెక్కుతున్నావ్!" అన్నాడు. జిల్లా మొత్తం బెండ తోటల్లో పాటలు పాడింది. మగవాడి గొంతు బొంగురుగా ఉంటే చాలు, లోపల గింజ ఉందో లేదో ఎవరూ ఒలిచి చూడరని ఆమెకి ఆ ఆగస్టులో అర్థమైంది. అప్పటిదాకా మొగుడి మీదే ఉన్న అసహ్యం కాస్తా ఊరికంతా సమంగా పంచింది.

అక్టోబర్ వచ్చింది. చర్చి హాల్లో పొడవాటి బల్లలు వేశారు. ఒకవైపు విత్తనాలు, అంట్లు, గడ్డలు. ఇంకోవైపు ఆడవాళ్ళు తెచ్చిన వంటలు. థర్మన్ బల్ల నడిమధ్య. నూటయాభై పొట్లాలు అచ్చు వేయించాడు. పైన టోపీతో ఆయన ఫొటో, కింద 'గ్రిగ్స్ గర్వం'. పొట్లాలు కట్టింది ఎవరో చెప్పక్కర్లేదు. కాని అందులో పోసిన గింజలు థర్మన్ స్వహస్తాలతో పెరటి పందిరి మీంచి కోసినవి. "ఇవి కొయ్యనా, అవి కొయ్యనా" అని కూడా అడగలేదు.

బురద బూట్లతో, నెరిసిన జుట్టుతో యాభై ఏళ్ళావిడ ఒకరు కాగితాల అట్ట పట్టుకుని బల్ల ముందు నిలబడింది.

"రండమ్మా రండి. ప్రొఫెసర్ గారు వెనకాల వస్తున్నారా?" అన్నాడు థర్మన్ ఆవిడ భుజం మీంచి చూస్తూ.

"ముందే వచ్చేశారు. నేనే. నా పేరు ఇంగ్రమ్." ఆవిడ పెన్ను తీసింది. "ఈ విత్తనం ఎవరి దగ్గర్నుంచి వచ్చింది?"

"మా వంశంలో ఉంది. మా తాతల నుంచీ."

టీ జగ్గు దగ్గర నిలబడ్డ వెర్లీన్ చేతిలో గ్లాసు నిండి పొర్లింది.

"మరి వేరే చిక్కుడుకి ఎంత దూరంలో నాటుతారు?"

"దూరమెందుకమ్మా? మా చిక్కుడు కలుపుగోలుది! పక్కనే తెల్ల చిక్కుడు వేశా, రెండూ అన్నదమ్ముల్లా పెరిగాయి!"

హోయట్ నవ్వాడు, లామార్ నవ్వాడు, వరస వరసంతా నవ్వింది. ప్రొఫెసర్ పెన్ను మాత్రం గీత మధ్యలో ఆగింది. ఆవిడ తలెత్తి హాలంతా ఒకసారి చూసింది, ఎవరి కోసమో వెతుకుతున్నట్టు. టీ దగ్గర ఆడమనిషి ఒకతె నవ్వకుండా నిలబడి ఉండడం చూసింది.

అప్పటికి అందరి జేబుల్లోనూ పొట్లాలు చేరిపోయాయి. ఓపల్ పెద్దమ్మ రెండు తీసుకుంది. వచ్చే వసంతంలో ఆ గింజలన్నీ జిల్లా మట్టిలో పడతాయి, కలిసిపోయిన పంట ఇంటింటా లేస్తుంది, ఇదే ఆ చిక్కుడు అనుకుంటారు. అసలు రుచి ఎలా ఉండేదో ఎవరికీ గుర్తుండదు. వెర్లీన్ గ్లాసు కింద పెట్టింది.

"వెర్లీన్! ఆ జగ్గు వదిలి ఇట్రా," థర్మన్ కేకేశాడు. "నీకూ ఒక పొట్లం. ఊరందరికీ ఇచ్చి పెళ్ళాన్ని మర్చిపోయాడని రేపు నన్ననకూడదు!"

మళ్ళీ నవ్వులు. వెర్లీన్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పొట్లం తీసుకుంది. ఫొటో చూసింది, మొగుణ్ణి చూసింది. బడి వంటశాలలో నాలుగువందల మంది పిల్లల గోలలో వినపడే గొంతుతో అంది.

"థాంక్స్, థర్మన్."

హాల్లో ఎవరిదో ఫోర్కు పళ్ళెంలో పడింది. పాస్టరు నేలకేసి చూశాడు. హోయట్ దగ్గాడు.

"ఏంటే... ఏంటే నువ్వన్నది?" థర్మన్ మొహం లామార్ టమాటాల అడుగులా మారింది. "విత్తనానికి ఆ మాట అంటారా ఎవరన్నా?"

"మొక్కలకీ పెళ్ళాలకీ చెప్పకూడదన్నావు," అంది వెర్లీన్. "మొగుడికి చెప్పకూడదని ఎప్పుడూ అనలేదుగా."

ఓపల్ పెద్దమ్మ సంచిలోంచి రెండు పొట్లాలూ తీసి బల్ల మీద పెట్టింది. "మా ఆయనకి చిక్కుడు పడదులే బాబూ." ఆ ఆయన పోయి పదకొండేళ్ళు. లామార్ జేబులోంచి తేలు తీసినట్టు రెండువేళ్ళతో తీశాడు. "ఏం లేదురా, ఈ ఏడు మా పెరట్లో చోటు లేదు." ఆయనకి ఇరవై ఎకరాలుంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, థర్మన్ కళ్ళలోకి చూడకుండా, పొట్లం పెట్టి పోయారు. నూటయాభై మంది టోపీ థర్మన్లు బల్ల మీద గుట్టపడ్డారు. జ్యూవెల్ వాటిని మర్యాదగా అట్టపెట్టెలోకి సర్దింది. "పారేయకన్నా, ఉడకబెట్టుకో. నీళ్ళు సమంగా పొయ్యి."

వెర్లీన్ టీ బల్ల కింద నుంచి తన సంచి తీసింది. అందులోంచి బేకింగ్ పౌడర్ డబ్బా. తుప్పు పట్టిన మూత మీద అతికించిన కాగితం మీద ఆమె దస్తూరీ.

"వాగు పక్కన పెంచాను," అంది ప్రొఫెసర్‌తో. "రెండు మైళ్ళలో ఇంకో చిక్కుడు లేదు. ఆ పొట్లాల్లోవి ఆయన పేరుతోనే ఉండనివ్వండి. అవి గ్రిగ్స్ గర్వమే, పేరు సరిగ్గానే పెట్టారు. ఇవి ఆడీవి. ఏ డీ డీ ఐ ఈ. అలాగే రాయండి."

ప్రొఫెసర్ రాసింది. రాసింది తిప్పి చూపించింది. వెర్లీన్ ఆ అక్షరాల మీద గోరు కింద నల్లమచ్చ ఇంకా పోని బొటనవేలు ఒక్కసారి ఆనించి తీసింది.

హాలు అవతలి నుంచి థర్మన్ పిలుస్తున్నాడు. "వెర్లీన్, కారు తాళాలెక్కడ? ఇంటికెళ్ళి అన్నం సంగతి చూడాలి." ఆమె అటు తిరగలేదు. రాత్రికి జ్యూవెల్ ఇంట్లో ఇద్దరికి సరిపడా రొట్టె పొద్దున్నే చేసి పెట్టుకొచ్చింది.

ప్రొఫెసర్ డబ్బాని రెండు చేతులతో అందుకుంది. మూత తీసి చూసింది. ఆవిడ కళ్ళు తడిశాయి, నోరు తెరిచింది.

"వెర్లీన్ గారూ, థాం..."

వెర్లీన్ చటుక్కున ఆవిడ నోటికి చెయ్యడ్డం పెట్టింది.

"ఆ మాట ఒక్కటీ అనకమ్మా. ఇవి బతకాలి."